ఆర్సీ చూడకుండా లైసెన్స్ చూస్తే: తొమ్మిది బండ్లు, పదకొండు మంది డ్రైవర్ల ఫైలు

"అన్నా, మా కుర్రాడికి కమర్షియల్ లైసెన్స్ లేదంట, అందుకని క్లెయిమ్ ఇవ్వం అంటున్నారు."

2025 ఆగస్టులో పొద్దున్నే వచ్చిన ఫోన్ ఇది. చేసింది విజయవాడలో హోల్‌సేల్ సరుకు రవాణా చేసే ఓనర్. ఆయనకి తొమ్మిది బండ్లున్నాయి: ఒక పది టైర్ల లారీ, ఐషర్ సైజు వ్యాన్లు రెండు, పికప్‌లు మూడు, టాటా ఏస్ లాంటి చిన్నవి రెండు, పనివాళ్లని గోడౌన్‌కి తీసుకొచ్చే స్టాఫ్ వ్యాన్ ఒకటి. డ్రైవర్లు పదకొండు మంది. నేను చేసేది బండ్ల కాగితాల పని, అంటే ఆర్టీఏ పనులు, ఫిట్‌నెస్, పర్మిట్, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ ఫైలు. ఈ కేసు ఓనర్‌ని అడిగే రాస్తున్నాను, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ముందు ఆ ఫోన్ సంగతి. పికప్ ఒకటి డివైడర్‌ని గుద్దింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు, బండి ముందు భాగం మాత్రం నుజ్జయింది. రిపేరు బిల్లు లక్షా ముప్పై ఎనిమిది వేలు. క్లెయిమ్ వేస్తే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: డ్రైవర్ లైసెన్స్‌లో ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) మాత్రమే ఉంది, ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్, అంటే ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని లైసెన్స్ మీద వేసే అనుమతి, లేదు, నడిపింది పసుపు బోర్డు బండి, కాబట్టి పాలసీ షరతు ఉల్లంఘన, క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం. ఓనర్ అప్పటికే ఆ కుర్రాణ్ణి పనిలోంచి తీసేశాడు.

నేను అడిగిన మొదటి మాట, "ఆర్సీ ఫొటో పంపండి." ఆయనకి కొంచెం చిరాకు వచ్చింది. "గొడవ లైసెన్స్ గురించి కదన్నా, ఆర్సీ ఎందుకు?"

అందరూ ఇక్కడే తప్పు దారి పడతారు. కమర్షియల్ లైసెన్స్ అని మనం అంటాం గానీ 1988 మోటారు వాహనాల చట్టంలో ఆ పేరుతో లైసెన్స్ ఏదీ లేదు. చట్టం వాడే మాటలు రెండు, లైట్ మోటార్ వెహికల్, ట్రాన్స్‌పోర్ట్ వెహికల్. బోర్డు పసుపా తెలుపా అన్నది బండి రిజిస్ట్రేషన్‌కి, పర్మిట్‌కి, పన్నుకి సంబంధించిన సంగతి. బోర్డు రంగు చూసి డ్రైవర్‌కి ఏ లైసెన్స్ కావాలో చెప్పలేం. చెప్పాలంటే ఆ బండి గ్రాస్ వెయిట్ తెలియాలి, అది ఉండేది ఆర్సీలో.

చట్టంలో సెక్షన్ 2(21) చెప్పేదేంటంటే, ట్రాన్స్‌పోర్ట్ బండి గానీ ఆమ్నీబస్సు గానీ దాని గ్రాస్ వెయిట్ 7,500 కిలోలు దాటకపోతే అది కూడా లైట్ మోటార్ వెహికలే. కారుకి, ట్రాక్టర్‌కి, రోడ్డు రోలర్‌కి అయితే ఖాళీ బరువు చూస్తారు, పరిమితి మాత్రం అదే 7,500. గ్రాస్ వెయిట్ అంటే బండి బరువు, దాని మీద వేయడానికి అనుమతి ఉన్న లోడు, రెండూ కలిపి రిజిస్ట్రేషన్‌లో రాసిన అంకె. ఇవాళ మీరు ఎంత లోడు వేశారన్నది కాదు. ఓవర్‌లోడ్ వేస్తే ఆ కేసు వేరేగా ఉంటుంది, బండి క్లాస్ మాత్రం మారదు. ఖాళీగా వెళ్తున్నా లారీ లారీయే.

ఆ పికప్ ఆర్సీలో గ్రాస్ వెయిట్ మూడు టన్నుల లోపు ఉంది. అంటే ఎల్ఎంవీ. కుర్రాడి లైసెన్స్ ఎల్ఎంవీ, గడువు కూడా ఉంది. ఇక గొడవేముంది?

గొడవ ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1994 నవంబరు 14కి ముందు లైసెన్స్‌లో మీడియం గూడ్స్, మీడియం ప్యాసింజర్, హెవీ గూడ్స్, హెవీ ప్యాసింజర్ అని నాలుగు వేర్వేరు క్లాసులుండేవి. ఆ రోజు నుంచి నాలుగింటినీ తీసేసి వాటి బదులు ట్రాన్స్‌పోర్ట్ వెహికల్ అని ఒకే మాట పెట్టారు. కానీ లైట్ మోటార్ వెహికల్ నిర్వచనాన్ని ముట్టుకోలేదు, అందులో ట్రాన్స్‌పోర్ట్ వెహికల్ అనే మాట అలాగే ఉండిపోయింది. దాంతో చిన్న గూడ్స్ బండి రెండు పెట్టెల్లోనూ కూర్చుంది, అటు ఎల్ఎంవీ, ఇటు ట్రాన్స్‌పోర్ట్. ఆ తర్వాత ఏళ్ల తరబడి యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునళ్లలో, హైకోర్టుల్లో ఇదే వాదన.

2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి, ఎల్ఎంవీ లైసెన్స్ ఉంటే ఆ బరువు లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదంది. 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి ఆ మేరకు రాసింది కూడా. ఇన్సూరెన్స్ కంపెనీలు ఒప్పుకోలేదు, విషయం పెద్ద బెంచికి వెళ్లింది. చివరికి 2024 నవంబరు 6న బజాజ్ అలియాంజ్, రంభా దేవి కేసులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది. 7,500 కిలోల లోపు బండికి ఎల్ఎంవీ లైసెన్స్ చాలు, ట్రాన్స్‌పోర్ట్‌కి ఉన్న అదనపు అర్హతలు ఆ బరువు దాటిన మీడియం, హెవీ బండ్లు నడిపేవాళ్లకే.

ఈ తీర్పు వచ్చిన తొమ్మిది నెలలకి కూడా పాత నమూనా ఉత్తరమే పంపారంటే ఎవర్ని అనాలి! కంపెనీ పేరు రాయను, అక్కడ టేబుల్ మీద ఎవరికో అప్‌డేట్ అందలేదనుకుందాం. ఆర్సీలో గ్రాస్ వెయిట్ ఉన్న చోట గీత గీసి, లైసెన్స్ కాపీ, తీర్పు తేదీ, పేరు పెట్టి ఒక పేజీ జవాబు రాశాం. ఆరు వారాలకి క్లెయిమ్ పాసైంది. కుర్రాణ్ణి మళ్లీ పనిలోకి పిలిచారు, వాడు రావడానికి ఓ వారం బెట్టు చేశాడు, న్యాయమే.

నేను ఈ కేసు రాయడానికి కారణం ఇది కాదు.

జవాబు పంపిన రోజే ఓనర్‌తో అన్నాను, "మీ తొమ్మిది ఆర్సీలు, పదకొండు లైసెన్సులు ఒకసారి టేబుల్ మీద పెట్టండి, గంట పని." ఆయన నవ్వాడు, "ఇంకేముందన్నా, లైట్ లైసెన్స్ చాలని కోర్టే చెప్పిందిగా, వాట్సాప్‌లో కూడా వచ్చింది." వచ్చింది నిజమే, నాకూ వచ్చింది: ఇక బ్యాడ్జి అక్కర్లేదు, అన్ని కమర్షియల్ బండ్లూ మామూలు లైసెన్స్‌తో నడుపుకోవచ్చు అని. అందులో సగమే నిజం. మిగతా సగం ఆయన షెడ్డులోనే ఉంది.

ఐషర్ సైజు వ్యాన్లు రెండూ పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. క్యాబిన్ ఒకటే, రంగు ఒకటే, వెనక బాడీ ఒక అడుగు తేడా. ఒకదాని ఆర్సీలో గ్రాస్ వెయిట్ 7,490. ఇంకొకదానిది 10,700. మొదటిది ఎల్ఎంవీ. రెండోది 7,500 దాటింది, 12,000 లోపుంది, అంటే మీడియం గూడ్స్. దానికి లైసెన్స్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఉండి తీరాలి. ఎల్ఎంవీ మాత్రమే ఉన్న ఇద్దరు డ్రైవర్లు ఈ రెండు బండ్లనీ మార్చి మార్చి నడుపుతున్నారు, ఎవరు ముందొస్తే వాళ్లు ఆ తాళం తీసుకోవడమే. ఏడాదిన్నరగా ఇదే పద్ధతి! 7,490 అనే అంకె ఊరికే రాదు, కంపెనీలు ఆ గీతకి ఇవతల ఉండేలా లెక్క చూసుకుని బండి చేస్తాయి. కొనేటప్పుడు షోరూంలో ఈ మాట చెప్పినా మనం మైలేజీ దగ్గరే ఆగిపోతాం.

ఓనర్ ముఖం అప్పుడు మారింది. "పట్టుకుంటే ఎంత ఫైను?" అన్నాడు. సెక్షన్ 181 కింద డ్రైవర్‌కి 5,000, సెక్షన్ 180 కింద బండి ఇచ్చిన ఓనర్‌కి 5,000, రెండిట్లోనూ మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. 2019 సవరణతో పెరిగిన అంకెలివి, అంతకుముందు డ్రైవర్‌కి 500, ఓనర్‌కి 1,000 ఉండేది. కానీ నేను భయపడేది ఫైను గురించి కాదు. ఆ 10,700 బండి కింద ఎవరైనా పడితే? బాధితులు ట్రిబ్యునల్‌కి వెళ్తారు. డ్రైవర్‌కి సరైన లైసెన్స్ లేదని, అది తెలిసే ఓనర్ బండి ఇచ్చాడని కంపెనీ రుజువు చేస్తే, బాధితులకి ముందు కంపెనీ చెల్లించి ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ ఆర్డరివ్వొచ్చు. 2004 నాటి స్వరణ్ సింగ్ కేసు నుంచి ఇది నడుస్తోంది. నష్టపరిహారం ఇరవై లక్షలైతే ఆ ఇరవై లక్షలూ ఈయన ఆస్తి మీదికొస్తాయి. సొంత బండి రిపేరు క్లెయిమ్ సంగతి ఇక మాట్లాడనక్కర్లేదు.

ఇంతకంటే పెద్ద షాకు లారీ డ్రైవర్ దగ్గర తగిలింది. ఆయన్ని షెడ్డులో అందరూ బాబాయ్ అంటారు. 56 ఏళ్లు, మద్రాసు, హైదరాబాదు రూట్లు కళ్లు మూసుకుని చెప్తాడు, హెవీ లైసెన్స్ ముప్పై ఏళ్ల నాటిది. లైసెన్స్ విషయంలో ఎవరికీ అనుమానం లేని మనిషి ఆయనొక్కడే. అసలు ఆయన కార్డు నాకు చూపించాల్సిన పని లేదన్నారు, నేనే పట్టుబట్టి తీసుకున్నాను.

కార్డు మీద గడువు తేదీలు రెండుంటాయి. ఎన్‌టీ అని ఒకటి, నాన్ ట్రాన్స్‌పోర్ట్. టీఆర్ అని ఒకటి, ట్రాన్స్‌పోర్ట్. బాబాయ్ కార్డులో ఎన్‌టీ 2029 దాకా ఉంది. టీఆర్ 2025 మార్చిలో అయిపోయింది.

"అదేంట్రా, 29 దాకా ఉందిగా!" అంటాడాయన, వేలు పెట్టి చూపిస్తూ. తప్పు ఆయనది కూడా కాదు, పెద్ద అంకె కనిపిస్తే కన్ను అక్కడే ఆగుతుంది. ఆయన 2020 మార్చిలో రెన్యువల్ చేయించుకున్నాడు, అప్పటికి 51 ఏళ్లు. 50 దాటి 55 లోపు వాళ్లకి మామూలు లైసెన్స్ 60 ఏళ్లు నిండేదాకా ఇస్తారు, అందుకే 2029. ట్రాన్స్‌పోర్ట్‌కి మాత్రం వయసుతో పనిలేదు, ఐదేళ్లే, అదీ 2019 సవరణ తర్వాత, అంతకుముందు మూడేళ్లే ఉండేది. అంటే మార్చి నుంచి ఆగస్టు దాకా ఐదు నెలలు బాబాయ్ చేతిలో ఉన్నది కారు, పికప్ నడిపే లైసెన్స్. ఆయన నడిపింది 28 టన్నుల లారీ.

పాతరోజుల్లో గడువు అయ్యాక 30 రోజులు చెల్లుబాటు అని ఒక వెసులుబాటు ఉండేది, డ్రైవర్లంతా ఇప్పటికీ అదే నమ్మకంలో ఉంటారు. 2019 సవరణలో అది తీసేశారు. ఇప్పుడు గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు, గడువు అయ్యాక ఏడాది లోపు పెట్టుకుంటే మళ్లీ టెస్టు ఉండదు, ఏడాది దాటితే టెస్టు పాసవ్వాలి. అయితే గడువు దాటాక పెట్టుకుంటే రెన్యువల్ చేసిన రోజు నుంచే లెక్క, మధ్యలో పోయిన ఐదు నెలలు పోయినట్టే. ఆ ఐదు నెలల్లో ఏమీ జరగలేదు కాబట్టి ఈ కథ ఇలా తీరిగ్గా రాయగలుగుతున్నాను.

ఆ సాయంత్రమే లారీ తాళాలు తీసుకున్నాం. బాబాయ్‌కి కోపం, అవమానం రెండూ. "ముప్పై ఏళ్లు నడిపినోణ్ణి, నాకు లైసెన్స్ లేదంటావా?" అని నన్నే తిట్టాడు, నేను నోరెత్తలేదు. డాక్టర్ దగ్గర ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ రాయించాం, ట్రాన్స్‌పోర్ట్ రెన్యువల్‌కి అది తప్పనిసరి. కళ్లు పరీక్షిస్తే ఎడమ కంటికి అద్దాల నంబరు మారిందని తేలింది, అది ఆయనకీ తెలియదు. రవాణా శాఖ వాళ్ల సారథి వెబ్‌సైటులో అప్లికేషన్ పెట్టాం. కార్డు అప్‌డేట్ అయ్యేదాకా లారీకి బయటి నుంచి హెవీ డ్రైవర్‌ని రోజు కూలికి పెట్టుకున్నారు, ఓనర్‌కి ఆ ఖర్చు బాగానే కడుపుమంట పుట్టించింది.

తర్వాత చిన్న బండ్లు. టాటా ఏస్ సైజువి కదా, వీటికేముంటుంది అనుకున్నాను నేను కూడా, నిజం చెప్తున్నా. లోడు రిజిస్టర్ తిప్పుతుంటే ఒక బండి వారానికి రెండుసార్లు పెయింట్ షాపులకి థిన్నర్ డ్రమ్ములు వేస్తోంది. థిన్నర్ మండే సరుకు, ప్రమాదకర సరుకు లెక్కలోకొస్తుంది. 2024 తీర్పు ఈ-రిక్షాలకి, ప్రమాదకర సరుకు మోసే బండ్లకి ఉన్న ప్రత్యేక నియమాలు అలాగే ఉంటాయని స్పష్టంగా చెప్పింది. అంటే బండి ఒకటిన్నర టన్నుదైనా డ్రైవర్‌కి ఎల్ఎంవీ ఒక్కటే చాలదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో రూల్ 9 కింద మూడు రోజుల శిక్షణ చేసి, లైసెన్స్ మీద హజార్డస్ ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. ఈ అనుమతి మూడేళ్లే, రెన్యువల్‌కి ఒక రోజు రిఫ్రెషర్ క్లాసు. ఓనర్ లెక్కలు వేసుకుని ఆ థిన్నర్ కిరాయే వదిలేశాడు. నెలకి ఎనిమిది ట్రిప్పుల ఆదాయానికి ఇంత తలనొప్పి ఎందుకన్నాడు, నేనూ సరే అన్నాను.

స్టాఫ్ వ్యాన్ దగ్గర చిన్న అపోహ ఉంది. "కిరాయి తీసుకోను కదా, అది కమర్షియల్ కాదు" అని ఆయన వాదన. సొంత వ్యాపారం పని మీద ఆరుగురి కంటే ఎక్కువ మందిని ఎక్కించుకుని తిప్పే బండిని చట్టం ప్రైవేట్ సర్వీస్ వెహికల్ అంటుంది, అదీ ట్రాన్స్‌పోర్ట్ బండే. గ్రాస్ వెయిట్ మూడున్నర టన్నులే కాబట్టి ఎల్ఎంవీ లైసెన్స్‌తో సరిపోయింది. బ్యాడ్జి సంగతి ఇక్కడే అడిగాడు. మన దగ్గర ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌నే బ్యాడ్జి అనడం అలవాటైపోయింది గానీ బ్యాడ్జి రాష్ట్ర నియమాల కింద వచ్చేది, లైసెన్స్ క్లాస్ వేరు, బ్యాడ్జి వేరు. ఆటో, క్యాబ్ లాంటివి నడిపేవాళ్లు మీ ఆర్టీఏ ఆఫీసులో దాని గురించి విడిగా అడగాలి.

ఇక పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడు, ఓనర్ మేనల్లుడే, లైసెన్స్ చేతికొచ్చి ఏడు నెలలైంది, పికప్ తోలుతున్నాడు. సెక్షన్ 4లో ట్రాన్స్‌పోర్ట్ బండికి 20 ఏళ్లు నిండాలని ఉంది. 7,500 లోపు బండికి అదనపు అర్హతలు వర్తించవన్నారు కదా, ఇదీ పోయినట్టేగా అని వాడే నన్నడిగాడు, తెలివైనవాడు. వాదించొచ్చు. కానీ యాక్సిడెంట్ అయ్యాక ఆ వాదన చేయడానికి లాయర్ ఫీజు మామయ్య కట్టాలి. దింపేయమని చెప్పాను, దింపేశారు.

చివరికి 10,700 వ్యాన్‌కి మనిషి కావాలి. ఎల్ఎంవీ ఉన్న ఇద్దరిలో ఒకతన్ని ట్రాన్స్‌పోర్ట్‌కి పంపుదామనుకున్నాం. దారి ఇలా ఉంది: వయసు 20 దాటాలి, ఎల్ఎంవీ లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది అవ్వాలి, అప్పుడే ట్రాన్స్‌పోర్ట్ ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) ఇస్తారు. దానికి మెడికల్ సర్టిఫికెట్, తర్వాత గుర్తింపున్న డ్రైవింగ్ స్కూల్లో శిక్షణ చేసి ఫారం 5 సర్టిఫికెట్, ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత టెస్టు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. మనవాడు ఏడో తరగతి దగ్గర ఆపేశాడు, ఎనిమిది పాసవ్వకపోతే ఇవ్వరని ఎవరో చెప్పి భయపెట్టారట, ఆ చదువు నిబంధనని కేంద్రం 2019లోనే ఎత్తేసింది. డ్రైవింగ్ స్కూలు వాళ్లు "రానక్కర్లేదు, సర్టిఫికెట్ ఇచ్చేస్తాం" అన్నారు. వద్దన్నాను. పికప్ తోలే చేతికి ఎయిర్ బ్రేకు, పొడవు బాడీ తిప్పడం అలవాటవ్వాలంటే రోజులు పడుతుంది.

మొదటిసారి టెస్టు ఫెయిలయ్యాడు. రివర్సులో. రెండోసారికి పాసై నవంబరులో లైసెన్స్ చేతికొచ్చింది. అప్పటిదాకా ఆ వ్యాన్ రెండున్నర నెలలు షెడ్డులో దుమ్ము కొట్టుకుంటూ ఉంది, ఈఎంఐ మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఆ షెడ్డులో తాళాల బోర్డు మీద ప్రతి తాళం కింద ఒక స్టిక్కర్ ఉంది: గ్రాస్ వెయిట్, ఆ బండి ముట్టుకోవచ్చని ఉన్న డ్రైవర్ల పేర్లు, లారీ తాళం కింద బాబాయ్ టీఆర్ తేదీ ఎర్ర స్కెచ్‌తో. ఆయన కొత్త అద్దాలు పెట్టుకుని అది చదివి, "నా పేరు తప్పు రాశార్రా" అని ఒక అక్షరం దిద్దించాడు.